బాపు చెవి దగ్గర ఆగిన పాట

జనగామ,
ఏప్రిల్ 8.

బాపూ,

"మీ కూతురు వ్రాయునది ఏమనగా" అని నువ్వు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఏమనగానో నాకే తెలియడం లేదు. హాస్టల్లో చదువుకునే రోజుల నుంచి నీకు ఉత్తరాలు రాస్తున్నాను గానీ, ఇట్లా కలం పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చోవడం ఇదే మొదలు. పాలిటెక్నిక్‌లో నా స్టూడెంట్లు చూస్తే నమ్మరు. క్లాసులో నేను నోరు తెరిస్తే ఆపడం ఎవరి వల్లా కాదు.

ముందే చెప్తున్నా, ఈ ఉత్తరం యాడికి చదివి వినిపించకు, అమ్మ సంగతి నీకు తెలుసు. ఏం రాసిందని అడిగితే పెళ్లి చీర రంగు గురించి రాసిందని చెప్పు. ఏ రంగైనా చెప్పుకో, ఎట్లాగూ అమ్మ కొన్నదే నేను కట్టుకోవాలి.

ఫోన్ చేద్దామంటే నీకు ఫోన్‌లో మాట అర్థం కాదు. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పంపుతావు. "తిన్నవా బాపూ" అంటే బొటనవేలు. "మోకాలి నొప్పి తగ్గిందా" అంటే బొటనవేలు. మొన్న "నా మీద కోపమొచ్చిందా" అని రాస్తే దానికీ బొటనవేలే. కోపం వచ్చిందనా, రాలేదనా, నీ మెసేజ్ అందింది ఇక పడుకో అనా? డిజిటల్ అంటే ఉంది, లేదు, రెండే, నడుమ ఇంకేమీ ఉండదని నేను పిల్లలకు పాఠం చెప్తుంటాను. మా బాపు వేలు దానికంటే ఘనమైనది, అందులో ఉన్నది ఒకటే. అందుకే ఈ కాగితం.

బాపూ, బెల్లం పంచిన రోజు నీకు ఏమైంది?

పొద్దున్నుంచీ నువ్వు బాగానే ఉన్నావు. మన సొంతూరు కొత్తగూడ తాండాలో ఇంటి ముందు షామియానా కింద, డోర్నకల్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు సురేందర్ వైపువాళ్లను నువ్వే చెయ్యి పట్టుకుని కుర్చీల్లో కూర్చోబెట్టావు. రెండు వైపుల పెద్దమనుషులు బెల్లం నోట్లో వేసుకుని మాట ఖాయం చేసుకున్నప్పుడు నువ్వు నవ్వావు, నేను కిటికీలోంచి చూశాను. రాజేందర్ అన్న నీ చెవి వెనక ఉన్న మిషన్ అందరికీ చూపించి "మా చెల్లె తెచ్చింది, డిజిటల్" అని గొప్పలు పోయాడు. ఆ తర్వాత మీ అక్క మొదలుపెట్టింది. "సదువుకున్న పిల్లకు ఢావ్లో వస్తదో రాదో. పెండ్లి నాడు మన పరువు పోతది. ఒక్కపారి పాడిచ్చి చూద్దాం." ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కరి మెడ చుట్టుకుని గొంతెత్తి ఏడుస్తూ పాడే ఆ పాట నాకు రాదని తాండా మొత్తానికి అనుమానం. ఉద్యోగం చేసే పిల్ల ఏడవలేదని వాళ్ల లెక్క.

నేను వచ్చి నీ మెడ చుట్టూ చేతులు వేశాను. నీ నీడలో పెరిగినదాన్ని ఏ ఎండకు పంపుతున్నావు బాపూ అని అర్థం వచ్చే మొదటి ముక్క ఎత్తుకున్నాను. మన పద్ధతి నాకు తెలుసు. కూతురు ఏడిస్తే తండ్రి తల మీద చెయ్యి పెట్టాలి, తనూ ఏడవాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. పాతికేళ్లుగా మాట్లాడుకోని ఇద్దరు తోడికోడళ్లు కూడా ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. నువ్వు మాత్రం వెనక్కి వంగి నా నోటి వైపు చూశావు. నుదురు ముడేశావు. చెవి మిషన్ పీకి జేబులో వేసుకున్నావు. నా చేతులు విడదీసి, లేచి ట్రాక్టరు వెనక్కి పోయావు.

"తండ్రి కదా, తట్టుకోలేకపోయిండు" అన్నారు అందరూ. నేనూ తల ఊపాను. కానీ నేను చూశాను బాపూ, నీ కళ్లు పొడిగా ఉన్నాయి.

అప్పటి నుంచి నా బుర్ర పని చేయడం లేదు. సురేందర్ నీకు నచ్చలేదా? నేను చూసుకున్న పిల్లవాడని మనసులో ఉందా? భూపాలపల్లిలో గని ఉద్యోగం ఉన్న మనకు తెలిసినవాళ్ల సంబంధం వస్తే నేనే వద్దన్నాను, అది గుర్తొచ్చిందా? కాదే, బెల్లం తినే ముందు నువ్వే సురేందర్ భుజం తట్టావు. పోనీ మిషన్ నొప్పి పెట్టిందా? నొప్పి పెడితే చెవి పట్టుకుంటారు, కూతురి చేతులు విడదీయరు. రైల్లో జనగామకు తిరిగి వస్తూ ఇదే ఆలోచన. మహబూబాబాద్ దాటేసరికి నీది తప్పు అనిపించింది, కాజీపేట వచ్చేసరికి నాది అనిపించింది. ఏం తప్పో మాత్రం తెలియలేదు.

ఒక్క మాట రాస్తున్నాను, కొట్టేయకుండా. ఈ పెళ్లి నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. మే నెల రాకముందే సురేందర్‌కు నేనే చెప్తాను. అతను బాధపడతాడు, నేనూ పడతాను, కానీ నీ చెయ్యి నా తల మీద లేకుండా నేను ఆ తాండా దాటి పోను. దీనికి బొటనవేలు పంపావంటే సెలవు పెట్టి భూపాలపల్లి వచ్చి మరీ పోట్లాడతాను.

నీ
నవ్య


భూపాలపల్లి,
ఏప్రిల్ 14.

బిడ్డా నవ్యా,

నీ ఉత్తరం అందింది. మీ యాడికి చీర రంగు గురించి అని చెప్పిన. ఏ రంగు అన్నది. పచ్చ అన్న. పచ్చ ఎట్ల అయితది, నేను ఎర్రది కొంటే, అని రెండు రోజులు నన్ను నిలబడనియ్యలేదు. ఇంకోసారి అబద్ధం చెప్పిస్తే పూర్తిగ రాసి పంపు.

సురేందర్ గురించి అనవసరంగ ఆలోచన పెట్టుకున్నవు. ఆ పిల్లగాడు నాకు నచ్చిండు. చెవిటోడు కనపడంగనే లోకం అంతా అరుస్తది. ఆ పిల్లగాడు అరవలేదు. ముఖం నా దిక్కు తిప్పి మెల్లగ మాట్లాడిండు. అంతకంటే ఏం చూడాలె? పెండ్లి ఆపుడు గీపుడు అని మళ్ల రాయకు.

నాకు కోపం వచ్చిన మాట నిజం. అడిగినవు కాబట్టి చెప్తున్న. నువ్వు ఎందుకు పాడలేదు?

నువ్వు వచ్చి మెడ పట్టుకున్నవు. మొదలు కొద్దిగ వినపడ్డది. తర్వాత ఏమీ లేదు. నోరు తెరిచే ఉన్నది. ఛాతి ఎగిసిపడుతున్నది. మిషన్ పాడైందేమో అనుకుంటే పాడు కాలేదు. పక్కన ముసలామె దగ్గింది వినపడ్డది. రాజేందర్ ఎవరికో "ఛాయ్ తేరా" అన్నది వినపడ్డది. నీ పాట ఒక్కటే లేదు. అప్పుడు నాకు అర్థమైంది అనుకున్న. డోర్నకల్ వాళ్లు ఇస్త్రీ బట్టలతోని కుర్చీలల్ల కూసున్నరు. వాళ్ల ముందట తాండా ఏడుపు ఏడ్వడానికి నా బిడ్డకు సిగ్గయింది, మా అక్క మాట తీసెయ్యలేక ఉత్త నోరు ఆడిచ్చింది అనుకున్న. మిగిలినోళ్లు ఎందుకు ఏడ్చిండ్రంటవా? మనోళ్లు ఢావ్లో పేరు చెప్తేనే ఏడుస్తరు.

మా అక్క అత్తగారింటికి పోయిననాడు పాడితే వాగు అవతల మేకలు కాసేటోళ్లు మేకలను ఇడిచిపెట్టి వచ్చిండ్రు. అప్పుడు నా చెవులు మంచిగుండె. ఆ పాట ఇప్పటికీ నా లోపల ఉన్నది. నీది కూడా అట్ల పెట్టుకుందామని ఆశపడ్డ. సిగ్గయితే పాడకు బిడ్డా. నేను ఏమనుకోను. కని దొంగ ఏడుపు మాత్రం నా మెడ మీద ఏడ్వకు.

మిషన్ మంచిగనే ఉన్నది. పాత డబ్బా మిషన్ పెట్టుకుంటే చెవుల ఎప్పుడూ వాన పడుతున్నట్టు ఉండె, చెయ్యి దగ్గరికి తెస్తే కుయ్యిమని కూసేది. ఇది కూయదు. నిమ్మళంగ ఉన్నది. కాకపోతే ఇక్కడ అన్నీ పాడైపోతున్నయి. కుక్కర్ విజిల్ మొదలై సగంల ఆగుతున్నది, కొత్తది కొందామంటే మీ యాడి మంచిగనే ఉన్నదని కొట్లాడుతున్నది. గని సైరన్ కూడా ఈ మధ్య కురచ చేసిండ్రు. ముప్పై ఏండ్లు ఆ సైరన్ విని డ్యూటీకి పోయిన, ఎంతసేపు మోగాల్నో నాకు తెల్వదా? మోగినట్టే మోగి తెగిపోతున్నది. యూనియన్ ఆఫీసు కాడ అడిగితే నన్నే వింతగ చూసిండ్రు. పదవీ విరమణ చేసినోని మాట ఎవడు వింటడు.

మనసుల పెట్టుకోకు. టైముకు తిను.

మీ బాపు
మాన్‌సింగ్


జనగామ,
ఏప్రిల్ 18.

బాపూ,

నేను పాడాను!

ఇంతకంటే పెద్ద అక్షరాలు ఈ కాగితం మీద పట్టవు. పాడాను, గొంతు బొంగురుపోయేదాకా పాడాను. మర్నాడు క్లాసులో మాట రాక బోర్డు మీద రాసి చూపించాను. సిగ్గా? నాకా? డోర్నకల్ వాళ్లు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా, వాళ్లూ మనవాళ్లే కదా. సురేందర్ అమ్మ అక్కడ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. అన్నను అడుగు, యాడిని అడుగు, మీ అక్కను అడుగు. ఇంత పెద్ద నింద నా మీద వేసి చివర్లో "టైముకు తిను" అని రాస్తావా? ఎట్లా తినేది?

ఈ ఉత్తరం ఇక్కడే మూసేసి పంపుదామనుకున్నాను. చేతులు రాలేదు. కోపం తగ్గాక ఇంకో ఆలోచన వచ్చింది, అది కోపం కంటే చెడ్డది. అదీ చెప్తాను.

నాకు ఢావ్లో ఎట్లా వచ్చిందో నీకు తెలియదు. మా అత్త, అదే మీ అక్క, పాడుతుంటే మొన్న దసరాకు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. జనగామలో ఈ గదిలో తలుపు వేసుకుని, ఫ్యాను శబ్దంలో పక్కింటివాళ్లకు వినపడదని, సాయంత్రాలు సాధన చేశాను. అత్త ఎక్కడ ఊపిరి తీస్తుంది, రాగం ఎంతసేపు లాగుతుంది, ఎక్కడ పైకి పోతుంది, అంతా పాఠం నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను. బెల్లం రోజు నీ మెడ పట్టుకున్నప్పుడు ఒక్క చోట కూడా గొంతు వణకలేదు. అందరూ ఏడుస్తున్నారు, నాకు కన్నీళ్లు రాలేదు. పెళ్లికి ఇంకా నెల ఉంది, ఎందుకొస్తాయి? ఎంత చక్కగా లాగుతున్నానో అనుకున్నాను బాపూ, నిజంగా అదే అనుకున్నాను.

అందుకే నీ ఉత్తరంలో "దొంగ ఏడుపు" అన్న మాట చూసి ఆ వరుస మళ్లీ మళ్లీ చదివాను. పక్కవాళ్ల దగ్గు వినపడి, ఛాయ్ మాట వినపడి, నా పాట ఒక్కటే నీకు వినపడలేదంటే ఏమనుకోవాలి? ఎలక్ట్రానిక్స్ చదువుకున్నదాన్ని, ఇట్లాంటివి నమ్మకూడదు. కానీ రెండు రోజులుగా ఒకటే గోల. ఏడుపు లేని ఢావ్లో తండ్రి చెవికి పోదేమో. నువ్వు తప్పు వినలేదేమో.

ఏప్రిల్ 21. అదే ఉత్తరం, ఇంకా పోస్టు చేయలేదు.

బాపూ, సైరన్ కురచ కాలేదు. కుక్కర్ పాడవలేదు. యాడితో కొట్లాడటం ఆపు.

మొన్న స్టాఫ్ రూములో కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదువుతున్నాను. స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి హారన్ ఒకటి పొడుగ్గా, తెగకుండా మోగింది. చెయ్యి నీ సైరన్ మాట మీదే ఉంది. సైరన్, విజిల్, ఢావ్లో. మూడూ మొదలై నడుమ ఆగిపోతున్నాయి, మూడూ నీకొక్కడికే. ఈ మూడింటికీ పోలిక ఏంది? తెగని పొడుగు కూత. నేను లేచి నిలబడ్డాను. పక్క సీటు మేడం పాము వచ్చిందా అని కాళ్లు పైకి పెట్టుకుంది.

నీకు మన గని భాషలో చెప్తాను. పాత డబ్బా అనలాగ్‌ది. అది బొగ్గు బెల్టు లాంటిది. లోపల ఏం పడితే అది, బొగ్గూ రాయీ బురదా, ఆగకుండా పైకి తెచ్చి పోస్తుంది. అందుకే నీ చెవిలో ఎప్పుడూ వాన. కొత్తది డిజిటల్. వచ్చిన శబ్దాన్ని బొగ్గు టబ్బుల్లో నింపినట్టు చిన్న చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ లెక్క వేసుకుంటుంది. లెక్క చేతిలో ఉంది కాబట్టి ఏరగలదు. ఇది మాట, లోపలికి పోనివ్వు. ఇది రొద, పక్కన పడెయ్. కూత పుట్టకుండా చూడటం దాని ముఖ్యమైన పని, చెయ్యి దగ్గరికి తెస్తే కుయ్యిమనేది ఇప్పుడు అనడం లేదు కదా, అందుకే. ఒకే తీరుగా సాగే స్వరం వస్తే దాన్ని కూత అనుకుని నొక్కేస్తుంది. మాట అట్లా కాదు, తెగుతూ అతుకుతూ వస్తుంది, కాబట్టి వదిలేస్తుంది. అత్త దగ్గర నేర్చుకున్న ఆ లాగుడు ఉంది చూడు, ఎక్కడా వణకకుండా నేను గర్వంగా లాగింది, దాన్ని రాయి అనుకుని ఏరి పారేసింది. పైగా ఎవరైనా చెవికి ఆనుకుంటే కూత పుట్టే ప్రమాదం ఎక్కువ. అంటే ఎవరైనా నిన్ను మెడ పట్టుకుంటేనే అది మరీ జాగ్రత్త పడుతుంది. నీకు అది కొన్నది నేను. దాని గుణాలన్నీ చదివి, కూయదు బాపూ అని మురిసిపోతూ చెప్పింది కూడా నేనే.

ఊహ మీద రాయడం లేదు. హన్మకొండ నుంచి అట్లాంటి మిషనే ఒక రోజుకు అడిగి తెచ్చాను. కాలేజీ అయ్యాక ల్యాబ్ తలుపు మూసి, మిషన్ నోటికి మైకు పెట్టి, తెర మీద అల చూస్తూ ఢావ్లో పాడాను. మొదట అల నిండుగా లేచింది. నేను రాగం లాగుతున్నకొద్దీ కుంగిపోయి గీత అయింది. నేను పాడుతూనే ఉన్నాను, తెర మీద ఏమీ లేదు. అది చూస్తుంటే నువ్వు ఆ రోజు ఏం చూశావో నాకు కనపడింది. బయట అటెండర్ తలుపు కొట్టి "మేడం, ఇంట్ల ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు.

మిషన్ డాక్టరమ్మ సెట్టింగు మార్చవచ్చంది గానీ పెళ్లి అయ్యేదాకా ఆమె ఊళ్లో ఉండదట. కాబట్టి నా మాట విను. పెళ్లి నాడు పాత డబ్బా పెట్టుకో. బయటికి వైరు వేలాడినా సరే, చెవిలో వాన పడినా సరే.

ఇంత తెలిసీ నా తికమక పోలేదు బాపూ. మిషన్ నా పాటను ఆపింది, నిజమే. ఆపకపోతే నీకు చేరేదేంది? ఊపిరి చక్కగా పట్టిన ఒక పాఠం. పెళ్లి నాడు కూడా కన్నీళ్లు రాకపోతే ఏం చేయాలి? పాత డబ్బాలో అన్నీ వినపడతాయి. ఏడుపు లేదన్న సంగతి కూడా వినపడుతుందా?

నీ
నవ్య


భూపాలపల్లి,
ఏప్రిల్ 26.

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. టబ్బులు, బెల్టు ముచ్చట అర్థమైంది. ముక్కలు చేసినంక మళ్ల ఎట్ల అతుకుతదో అర్థం కాలేదు, ఇంటికి వచ్చినప్పుడు చెప్పు.

నువ్వు పాడినవు. నేను తప్పు అనుకున్న. మీ యాడిని అడిగితే "నువ్వు ఒక్కనివే వినలేదు, ఇన్ని దినాలు ఇందుకే మూతి ముడుచుకున్నవా" అని నెత్తి కొట్టుకున్నది. కుక్కర్ మీద నా కేసు కూడా కొట్టేసింది.

పాత డబ్బా ఉన్నది. మీ యాడి దాన్ని మెంతుల డబ్బాల దాచింది, మెంతుల వాసన వస్తున్నది గాని పని చేస్తున్నది. కొత్త సెల్లు వేసిన. ఫొటోలల్ల వైరు కనపడితే బాగుండదని రాజేందర్ గునుస్తున్నడు. సాగనంపేదాక కొత్తది పెట్టుకుంట, నువ్వు నా దగ్గరికి వచ్చే టైముకు డబ్బా పెట్టుకుంట అని వానికి చెప్పిన. ఇద్దరం ఒప్పుకున్నం.

ఏడుపు రాదేమో అని రాసినవు. రాకపోతే మంచిదే కద బిడ్డా. నవ్వుకుంట పో. నీ తల మీద చెయ్యి పెట్టడానికి నాకు పాట ఎందుకు.

మీ బాపు


భూపాలపల్లి,
మే 24.

బిడ్డా నవ్యా,

డోర్నకల్‌లో ఇల్లు మంచిగున్నదని సురేందర్ మెసేజ్ పెట్టిండు. రైళ్ల చప్పుడుకు నిద్ర పడుతున్నదా? నీకు ఈ ఉత్తరం పెండ్లి అయిన తెల్లారే రాద్దామనుకున్న. చెయ్యి సాగలేదు. ఇప్పుడు రాస్తున్న.

సాగనంపే టైముకు ఏమైందో నీకు తెల్వదు. నువ్వు ఇంట్లనుంచి వచ్చేలోపు డబ్బా తీసి పెట్టుకుందామని నేను వేపచెట్టు కిందికి జరిగిన. జేబులనుంచి తీసిన, వైరు చిక్కు పడ్డది. చిక్కు తీస్తున్న. ఇంతల పెద్దమనుషులు మంచి గడియ దాటిపోతున్నదని తొందర చేసిండ్రు. మీ యాడి మెడ పట్టుకుని ఏడ్చినంక అత్త దగ్గరికి పోతవు, అన్న దగ్గరికి పోతవు, నా వంతుకు టైమున్నది అనుకున్న. నువ్వు వాళ్లెవరి దగ్గర ఆగలేదు. ఉరికి వచ్చి నా మీద పడ్డవు. డబ్బా కింద పడ్డది. చెవికి కొత్త మిషనే ఉన్నది.

అయిపోయింది, మళ్ల ఉత్త నోరే చూడాలె అనుకున్న. పీకేద్దామన్నా నా చేతులు నీ చేతుల కింద ఉన్నయి.

నువ్వు మొదటి ముక్క ఎత్తుకున్నవు. వినపడ్డది. ఇక ఆగుతదని చూస్తున్న. ఆగింది, కని మిషన్ ఆపలేదు, నీ గొంతే పట్టేసింది. మళ్ల ఎత్తుకున్నవు, ఎక్కిళ్లు వచ్చినయి. మళ్ల కొంచెం పాడినవు. నడుమ "బాపూ, బీపీ గోలీలు మర్వకు" అన్నవు. అది ఢావ్లోల ఎక్కడున్నది బిడ్డా? మళ్ల పాట. మళ్ల తెగింది. ముక్కు చీదినవు, అది కూడా నా చెవులనే. నువ్వు ఒక్క వరుస కూడా పూర్తిగ లాగలేదు. తెగిన ప్రతి ముక్క వచ్చి నా లోపల పడ్డది, ఒక్కటి పోలేదు. తెగుకుంట వచ్చేదాన్ని మాట అనుకుని వదిలిపెడుతదని నువ్వే రాసినవు కద. నాకు అది అప్పుడు యాదికి రాలేదు. ఏదీ యాదికి రాలేదు. నా చెయ్యి నీ తల మీదికి ఎప్పుడు పోయిందో కూడా తెల్వదు. రాజేందర్ ఫొటో చూపిస్తే చూసిన. నా ముఖం ఆ ఫొటోల అస్సలు బాగలేదు, ఎవరికీ పంపకు.

కారు కొత్తగూడ రోడ్డు ఎక్కినంక నేను చెట్టు కింద కూసుని మిషన్ తీసి చేతుల పెట్టుకున్న. దాని మీద కోపం పోయింది. దాన్ని నమ్మాలె అని కూడా అనిపించలేదు. ఎందుకు ఆపిందో, ఎందుకు వదిలిందో దానికి ఏం తెలుసు? నాకే సరిగ తెల్వదు. డాక్టరమ్మ వచ్చినంక పోయి సెట్టింగు మార్పిద్దాం, గని సైరన్ పూర్తిగ వినాలె. డబ్బా కింద పడి పలిగింది. మీ యాడి దాన్ని మళ్ల మెంతులల్లనే పెట్టింది.

మా అక్క ఇంకా తాండలనే ఉన్నది. మొన్న ఫోన్ల మీ యాడితోని అన్నదట, బెల్లం నాడు పిల్ల ఎంత మంచిగ పాడింది, పెండ్లి నాడు అంతా ఖరాబు చేసింది, రాగం లేదు, వరుస లేదు అని. తాండ అంతా అదే మాట అంటున్నదట. మీ యాడి నా దిక్కు చూసింది, నువ్వేమంటవు అన్నట్టు. వాళ్లు రెండు పాటలు విన్నరు, అందుకే పోలుస్తున్నరు. నేను ఒక్కటే విన్న.

మీ బాపు
మాన్‌సింగ్

ఈ ఉత్తరం చేరంగనే ఫోన్ల బొటనవేలు పంపు. దాని అర్థం ఏందో నేను అడగను.